నీడగోడ

మాచమ్మ చేతికర్రకు కట్టిన గంట మళ్లీ మోగింది. ఆ గంట మోగితే గుంపంతా ఆగాలి. గుంపు ఆగింది. యువరాజు జయధ్వజుడు కూడా ఆగాడు కాని, అతని కాళ్లు మాత్రం ఆగనన్నాయి. నిలబడ్డచోటే మట్టిని తొక్కుతూ, గొంగళ్ల మూటను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంటూ, కొండకొమ్ము మీదికి ఎగబాకుతున్న సూర్యుణ్ణి చూసి లోలోపల పళ్లు కొరుక్కున్నాడు.

ఇప్పుడతను యువరాజు కాడు. ముఖానికి మసి, తలకు ముతక పాగా, నడుముకు నారతాడు. పేరు ఎర్రన్న, గొంగళ్లమ్ముకునేవాడు. శోణగిరి సింహాసనానికి కాబోయే ప్రభువు చిటికెన వేలంత కత్తయినా లేకుండా, పదిమందితో పాటు కాలినడకన, ఆజన్మశత్రువైన తుహినావతి రాజ్యంలోకి పోతున్నాడు. ఆ పదిమందిని నడిపించే మాచమ్మేమో, ఇల్లు కాలిపోతున్నవాడికి ఊరి వింతలు చూపించినట్టు, అడుగడుక్కీ ఆపి కథలు చెబుతోంది.

ఈసారి ఆపింది జలపాతం దగ్గర. నల్లరాతి శిఖరం నుంచి వెండిజరీ పంచె జారవిడిచినట్టు నీళ్లు దూకుతున్నాయి. ఆ తుంపరల్లో చిన్న చిన్న ఇంద్రధనుస్సులు పుట్టి, ఒకదాన్నొకటి తరుముకుని, మాయమైపోతున్నాయి. పైనున్న నీళ్లు శోణగిరివట, కింద మడుగులో నీళ్లు తుహినావతివట. పైనుంచి కిందికి పడుతున్నంతసేపూ ఆ నీళ్లు ఎవరివన్నదాని మీద తాతల నాడు రెండు సైన్యాలు కొట్టుకున్నాయట. తగవు తేలలేదు కాని, తలలు మాత్రం చాలా తెగిపడ్డాయని మాచమ్మ చెబితే గుంపులోని కొత్త జంట కిసుక్కున నవ్వింది. తేనె వర్తకుడు వెంగళప్ప, తన కావడి దించుకుని, మధ్యలో ఉన్న నీళ్లకి సుంకం ఎవరికి కట్టాలని అడిగాడు. జయధ్వజుడికి అతణ్ణి కావడితో సహా ఆ మధ్యలోకి తోసేద్దామనిపించింది.

అతని తొందరకు కారణం ఉంది. శోణగిరి అంతఃపురంలో అతని చెల్లెలు కుముదిని చావుబతుకుల మధ్య ఉంది. రోగం కాదు, గాయం కాదు. ధూమ్రజటుడనే మాంత్రికుడు రాజును వశం చేసుకోబోయి పట్టుబడి, భటులు తరుముతుంటే అంతఃపురపు తోటలోంచి పారిపోతూ, వెన్నెల్లో పూలు కోస్తున్న కుముదిని నీడను ఒక్క గుంజు గుంజి ఎత్తుకుపోయాడు. నీడ పోయిన మనిషి అమావాస్య దాటి బతకదని ఆస్థాన వైద్యుడు చెప్పినప్పుడు మహారాజు సింహాసనం మీదే కూలబడిపోయాడు. చంద్రుడు రోజురోజుకీ సన్నబడుతున్నాడు. కుముదిని కూడా అలాగే సన్నబడుతోంది. నీడను ఎందుకు ఎత్తుకుపోయాడో ఎవరికీ అంతుపట్టలేదు. వాడు సరిహద్దు వైపు వెళ్లాడన్నది మాత్రం వేగులు తెచ్చిన నిజం.

సైన్యంతో వాడి వెంట పడదామంటే, కనుమలో ఒక్క సైనికుడు కాలుపెట్టినా యుద్ధమే. ఇటునుంచి ఉప్పు అందక వాళ్లూ, అటునుంచి మూలికలు అందక వీళ్లూ అల్లాడిపోయిన కాలంలో ఇద్దరు రాజులూ ఒకే ఒక్క ఒప్పందం చేసుకున్నారు. జంటకొండల కనుమ గుండా, దారిపెద్ద వెంట, ఆయుధం లేకుండా, కాలినడకన పోయేవాళ్లను ఎవరూ ఆపకూడదు. ఆ దారిపెద్దలు మాచమ్మ వంశంవాళ్లు. వాళ్లకి ఇటు రాజూ లేడు, అటు రాజూ లేడు. దారే వాళ్లకు రాజు.

మాచమ్మ నడివయసు మనిషి. పొట్టిగా, గట్టిగా, ముక్కుకు పెద్ద అడ్డబాస పెట్టుకుని, కచ్చ బిగించి, మేక ఎక్కినంత సులువుగా రాళ్లెక్కుతుంది. జయధ్వజుడు తనను దాటి ముందుకు పోవడం ఆమె అప్పటికి చాలాసార్లు చూసింది. ఇప్పుడు మళ్లీ పోబోతుంటే కర్ర అడ్డం పెట్టింది.

"ఎర్రన్నా, గొంగళ్లు చలికి అమ్ముతారు. ఇంకా చలికాలం రాలేదు. ఎందుకయ్యా ఆ పరుగు?" అంది.

గుంపంతా నవ్వింది. జయధ్వజుడు కూడా నవ్వాననిపించి వెనక్కి తగ్గాడు.

జలపాతం దాటాక మెట్లు మొదలయ్యాయి. మెట్లంటే కొండను తొలిచి ఎవరో రాక్షసులు తమ కాళ్ల కొలతకు కట్టుకున్నవి. గుంపులో ఒక ముసలవ్వ ఉంది. నడుం విల్లులా వంగిపోయి, చేతిలో వెదురుబుట్ట, కాలికి దిష్టి తగలకుండా కట్టుకున్న నల్లదారం. అవతలి రాజ్యంలో ఉన్న మనవరాలి పురుడు చూడడానికి పోతున్నానని అందరికీ చెప్పింది. అవ్వ ఒక మెట్టెక్కుతుంది, ఆయాసపడుతుంది, కూర్చుంటుంది. ఆమె లేచేదాకా గుంపు ఆగుతుంది. ఇలా అయితే మనం చేరేసరికి అవ్వ మనవరాలు ముత్తవ్వ అవుతుందని వెంగళప్ప గొణిగాడు.

జయధ్వజుడు ఇక పట్టలేకపోయాడు. మూట తీసి మెడకు ముందువైపు కట్టుకుని, అవ్వ ముందు వంగి, వీపెక్కమన్నాడు. అతణ్ణి దయాళువని గుంపంతా మెచ్చుకుంది. నిజానికి అందులో దయ పావువంతు, తొందర ముప్పావు వంతు. అవ్వ ఎండుపుల్లల మోపంత తేలిగ్గా ఉంది.

"నీ తల్లి కడుపు చల్లగుండ నాయనా. సరిహద్దు గోడ దాటేదాకా దించకు. ఈ ముసలికాళ్లు వట్టి రాయి మీద నిలవలేవు," అని చెవిలో అంది. ఆ ఊపిరి వేసవిలో కూడా చల్లగా తగిలింది. జయధ్వజుడు దాన్ని పట్టించుకోలేదు. అతని కళ్లు వెంగళప్ప కావడి మీద ఉన్నాయి.

కావడికి రెండు వైపులా మూతులకు మైనం పోసిన కుండలు. అందులో ఒకదాన్ని వెంగళప్ప ఎంత ఎండలోనూ కావడికి కట్టిన గొడుగు నీడ దాటనివ్వడం లేదు. జలపాతం దగ్గర కొత్త పెళ్లికూతురు ముట్టుకోబోతే గబుక్కున వెనక్కి లాక్కున్నాడు. తేనెకి ఇంత భయమెందుకు? నీడను దాచాలంటే చీకటి కావాలి. మైనం పోసిన కుండలో ఉన్నంత చీకటి ఇంకెక్కడుంటుంది? ఆ ఆలోచన రాగానే జయధ్వజుడి అడుగులు వెంగళప్ప అడుగుల వెంట పడ్డాయి.

మెట్లు అయిపోయిన చోట మాచమ్మ గంటను గుడ్డతో చుట్టేసింది. ఎదురుగా మూగలోయ. రెండువైపులా పచ్చని నాచు పట్టిన బండలు, వాటి పగుళ్లలోంచి వేలాడే తీగలకు ఊదారంగు పూలు, ఆ పూల మీద రెక్కలాడించకుండా కూర్చున్న సీతాకోకచిలుకలు. నేల మీద గవ్వల్లాంటి తెల్లరాళ్లు. ఇంత అందమైన చోట ఒక్క పిట్ట కూత లేదు. లోయకు అడ్డంగా ఒక దిబ్బ, దాని మీద గడ్డి, చిన్న చిన్న చెట్లు. ఆ దిబ్బ మెల్లగా లేచి దిగుతోంది. అది దిబ్బ కాదు, ఊపిరి తీస్తున్న కొండచిలువ. దాని నిద్ర చెడకూడదంటే దాటేదాకా ఎవరూ నోరు విప్పకూడదని మాచమ్మ పైమెట్టు మీదే చెప్పింది.

అందరూ చేతుల్తో నోళ్లు మూసుకుని సగం దూరం నడిచారు. ఊదాపూల పుప్పొడి గాలికి లేచింది. వెంగళప్ప ముక్కు ఎగబీల్చాడు, ముఖం చిట్లించాడు, రెండు చేతులూ కావడికే ఉన్నందువల్ల ఏ చెయ్యీ ముక్కుదాకా రాలేదు. అతను తుమ్మిన తుమ్ముకు సీతాకోకచిలుకలన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

దిబ్బ కదిలింది. దాని మీది చెట్లు వేళ్లతో సహా పక్కకు ఒరిగాయి. మట్టి రాలి, కింద పలకలు పలకలుగా పొలుసులు మెరిశాయి. పెద్ద తల ఒకటి లేచి, పచ్చకామెర్ల కళ్లతో ఎవరినుంచి మొదలుపెట్టాలా అన్నట్టు చూసింది. మాచమ్మ గంటమీది గుడ్డ పీకేసి పరుగెత్తమంది. పెళ్లికూతురు పడితే పెళ్లికొడుకు భుజాన వేసుకున్నాడు. వెంగళప్ప మాత్రం కావడి వదల్లేక, కావడితో పరుగెత్తలేక, అక్కడే గింగిరాలు తిరుగుతున్నాడు.

వీపున అవ్వ, మెడలో మూట ఉన్నా జయధ్వజుడు చిరుతలా వెనక్కి దూకాడు. పాము నోరు తెరిచింది. పగిలితే నీడ బయటపడుతుందని, అతను కావడి నుంచి ఆ గొడుగు కుండనే లాగి, బలమంతా పెట్టి దాని నోట్లోకి విసిరాడు. కుండ కోరకు తగిలి భళ్లున పగిలింది. కుండలోంచి నీడ రాలేదు. బంగారురంగు పుట్టతేనె వచ్చి పాము నాలుకనిండా, పళ్లనిండా, దవడలనిండా పారింది. అది నోరు మూస్తే తెరుచుకోలేదు, తెరవబోతే మూసుకుపోయింది. మూటలోంచి పెద్ద గొంగళి లాగి దాని కళ్లమీద కప్పి, వెంగళప్ప చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోయాడు. వెనుక కొండచిలువ తోక కొట్టిన దెబ్బలకు లోయంతా రాళ్లు దొర్లాయి.

అవతలి గట్టు చేరాక వెంగళప్ప వెక్కివెక్కి ఏడ్చాడు. అది తుహినావతి రాణిగారి దగ్గుకు పోతున్న తేనె అట, ఎండ తగిలితే గుణం పోతుందట. జయధ్వజుడు అతని వీపు నిమిరాడు కాని, మనసు అక్కడ లేదు. వెంగళప్ప కాకపోతే ధూమ్రజటుడు ఈ గుంపులో లేనట్టే. ముందే దాటి పోయుంటాడు. ఎంత ముందు? ఇంత పరుగులోనూ అవ్వ తన మెడ చుట్టూ వేసిన చేతులు ఒక్కసారైనా వణకలేదన్న సంగతి అతనికి తట్టనే లేదు.

కాసేపటికి నీడగోడ కనిపించింది.

అది మనుషులు కట్టిన గోడ కాదు. కొండ పక్కటెముకను దేవతలు ఉలితో చెక్కి, పైన సున్నం కొట్టినట్టు, తెల్లగా, నున్నగా, ఒక్క పగులైనా లేకుండా నిలబడ్డ రాయి. తూర్పు నుంచి వచ్చే ఎండ నేరుగా దాని మీద పడుతుంది. గోడ కింద సన్నని బాట. బాట మధ్యలో, ఈ అంచు నుంచి ఆ అంచుకు, నేల మీద చెక్కిన గీత. గీతకు ఇవతల శోణగిరి, అవతల తుహినావతి. ఈ కొసన శోణగిరి ఠాణా, ఆ కొసన తుహినావతి కావలిదొర సింగరౌతు, అతని వెనుక విల్లెక్కుపెట్టిన భటులు.

మాచమ్మ అందరినీ కూర్చోబెట్టి గోడ కట్టుబాట్లు చెప్పింది. ఈ నేల మట్టి ఆ నేలకు పోకూడదు కాబట్టి చెప్పులిక్కడే వదలాలి. గీత దాటిన పాదం మళ్లీ వెనక్కి పడకూడదు, పడితే బాణం పడుతుంది. ఒక్కొక్కరే గోడ వెంట నడవాలి. పూర్వం భూతాలూ మాంత్రికులూ మనుషుల వేషాల్లో దాటి ఊళ్లకు ఊళ్లే తినేశారట. వేషం ముఖానికి వేసుకోవచ్చు, నీడకు వేయలేరు. ఎగుడుదిగుడు నేల మీద నీడల తేడా తెలియదు కాని, ఈ నున్నని గోడ మీద దాగదు. అందుకని ప్రతి మనిషి గోడ మీద నీడ దగ్గర కావలిదొర ఒకటే అడుగుతాడు, నీడ ఈ మనిషిదేనా అని. దారిపెద్ద ఔనని గాని కాదని గాని ఒక్క మాటే చెప్పాలి. రెండో మాట చెప్పకూడదు. ఆ ఒక్క మాట మీదే రెండు రాజ్యాలూ ఇన్నాళ్లుగా నమ్మకం పెట్టుకున్నాయి. ఆమె వంశంలో ఆ గోడ దగ్గర అబద్ధమాడినవాళ్లు లేరు.

జయధ్వజుడు సగం విన్నాడు, సగం వినలేదు. అవ్వను పక్కన దించి, రాతి మీద కూర్చుని, కళ్లు అవతలి కొండల మీద పెట్టి, కుడికాలు ముందుకు చాపాడు. చాపి అలాగే ఉంచాడు.

చెప్పుల కుప్ప దగ్గరున్న శోణగిరి భటుడు ఆ చాపిన కాలికేసి చూశాడు. గొంగళ్లవాడు చెప్పులు తీయించుకోవడానికి ఎదురుచూస్తున్నాడు, ఎవరో వచ్చి తీస్తారని. పుట్టినప్పటినుంచి తన చెప్పు తాను విప్పి ఎరగని కాలు అది. మసి పూసుకున్న ముఖం, ముతక పాగా, అన్నీ ఆ ఒక్క కాలితో వృథా అయ్యేలా ఉన్నాయి. పొరపాటు తెలిసి జయధ్వజుడు కాలు వెనక్కి తీసుకోబోయాడు. అంతలో మాచమ్మ చటుక్కున ముందు కూలబడి ఆ పిక్క పట్టుకుంది.

"పట్టేసిందా కాలు? పట్టెయ్యదూ మరి, అవ్వని అన్ని మెట్లు మోస్తే," అని గట్టిగా పిక్క పిసికి, చెప్పు లాగేసింది. తల వంచుకునే, పెదవులు కదిపీ కదపనట్టు, "దొరా, రెండోది మీరే విప్పుకోండి. అందరూ చూస్తున్నారు," అంది.

భటుడు నవ్వి అటు తిరిగాడు. జయధ్వజుడు బతికిపోయాననుకున్నాడు. కాని ఆ కాలిని భటుడు, మాచమ్మే కాదు, ముసలవ్వ కూడా చూసింది. చూసి, తన బోసినోటిని కొంగుతో కప్పుకుంది.

నడక మొదలైంది. కొత్త జంటలో అమ్మాయి నడిచింది. గోడ మీద ఆమె నీడ నడిచింది. "నీడ ఈ మనిషిదేనా?" అని సింగరౌతు అడిగాడు. గీత దగ్గర నిలబడ్డ మాచమ్మ ఔనంది. అబ్బాయి, వెంగళప్ప, మిగిలినవాళ్లూ దాటారు. ఆఖరున జయధ్వజుడు. వట్టి రాయి మీద నిలవలేనని అవ్వ మళ్లీ బతిమాలితే మళ్లీ వీపున ఎక్కించుకున్నాడు. గోడ మీద ఇద్దరి నీడా కలిసి ఒక మూటలా కదిలింది.

గీత దగ్గర మాచమ్మ కర్ర అడ్డం పెట్టింది. గోడ ముందు ఎవరి కాళ్ల మీద వాళ్లే నిలబడాలంది. అవ్వ ఏడుపు లంకించుకుంది. మాచమ్మ వినలేదు. జయధ్వజుడికి ఈ ఆలస్యం కూడా భరించరానిదైంది. అప్పటికే తొందరలో అతని రెండు పాదాలూ గీత దాటేశాయి. విసుగ్గా చేతులు వదిలేశాడు. అవ్వ వీపు మీంచి జారి గీతకు ఇవతలే, శోణగిరి నేల మీదే నిలబడింది.

గోడ మీద పడిన నీడ ముసలిది కాదు. నడుం వంగలేదు. నిటారుగా, సన్నగా, మోకాళ్లదాకా జడ. జడ చివర పూలకుచ్చు. ఆ నీడ జయధ్వజుడి వైపు తిరిగింది. చెయ్యెత్తి తన చెవి తానే పట్టుకుని మెలిపెట్టింది. అన్న తప్పు చేసినప్పుడల్లా కుముదిని చేసే సైగ అది. చిన్నప్పటినుంచి అతణ్ణి ఏడిపించడానికి ఈ లోకంలో ఆ ఒక్క పిల్లే అలా చేసేది.

జయధ్వజుడికి కళ్లు చెమర్చాయి, వెంటనే ఆ కళ్లే ఎర్రబడ్డాయి. ఇంతదూరం మెట్టు మెట్టుకీ చెల్లెల్ని, చెల్లెల్ని చంపబోయేవాణ్ణి తనే మోసుకొచ్చాడు.

నీడలేని మాంత్రికుడు గోడ దాటలేడు. మంత్రాల కోసం ధూమ్రజటుడు తన నీడను ఎప్పుడో క్షుద్రశక్తికి అమ్ముకుని, దాని బలంతోనే బతుకుతున్నాడు. అందుకే చేతికందిన నీడను గుంజుకుపోయాడు, ఆ నీడ ముసలివేషానికి సరిపోదు కాబట్టే ఎవరి వీపైనా ఎక్కాలని చూశాడు. అవ్వ కాలికి కట్టుకున్నది దిష్టితాడు కాదు, నీడను మడమకు కుట్టిన తాడు. ఇదంతా మాచమ్మకు ఒక్క చూపుతో అర్థమైంది.

"దారం తెంపండి. కాలు మాత్రం కదపకండి," అంది.

జయధ్వజుడు పాదాలు తుహినావతి నేలమీదే ఉంచి, మిగిలిన ఒళ్లంతా గీత మీంచి ముందుకు విసిరాడు. రెండు చేతులతో అవ్వ చీలమండ దొరకబుచ్చుకుని, నల్లదారాన్ని పళ్లతో కొరికాడు. అవ్వ గొంతులోంచి మగగొంతు అరిచింది. బుట్టలోని బూడిద గుప్పున లేచి బాటంతా కమ్మేసింది. ఆ పొగలో ముసలిచర్మం జారి, జటలు కట్టిన జుట్టు, గుంటకళ్లు బయటపడ్డాయి. వాడు మోకాలితో తన్నాడు, గోళ్లతో చీరాడు. జయధ్వజుడు పళ్లు వదల్లేదు. దారం తెగింది.

కుముదిని నీడ విడిపడి గోడ మీద తేలింది. తేలి, ఎండలో పలచబడడం మొదలుపెట్టింది. జడ కొస కనిపించకుండా పోయింది. నీడకు కాళ్లు కావాలి, లేకపోతే ఆవిరైపోతుందని మాచమ్మ అరిచింది. ఒక జత కాళ్లకు ఒక్క నీడే నిలుస్తుందని కూడా చెప్పబోయింది. జయధ్వజుడు వినడానికి ఆగలేదు. తెగిన దారాన్ని కొసలు కలిపి, చెల్లెలి నీడ అంచును దానితో పట్టి, తన మడమకు ముడి వేసుకున్నాడు.

ముడి పడగానే అతని సొంత నీడ పుండు మీది పొక్కులా ఊడి వచ్చింది. గీత మీద బోర్లాపడి ఉన్నాడు కదా, నీడ తల ఇవతల శోణగిరి వైపు గోడ మీద ఉంది. ధూమ్రజటుడు దాన్ని జుట్టు పట్టుకుని లాగి, ఉత్తరీయంలా భుజాన వేసుకున్నాడు.

"యువరాజా, నేను దాటడానికి ఒక ఆడనీడ చాలనుకున్నాను. దాటక్కర్లేకుండానే రాజ్యం ఇచ్చావు," అన్నాడు.

బూడిద తగ్గేసరికి గీతకు ఇవతల నిలబడి ఉన్నది జయధ్వజుడు. ముఖానికి మసి లేదు. తలకు రత్నాల పాగా, చెవులకు కుండలాలు, కాళ్ల దగ్గర తెల్లరాతి మీద తీర్చినట్టు యువరాజు నీడ. శోణగిరి ఠాణా భటులు పరుగున వచ్చి, తమ ప్రభువును చూసి, మోకాళ్ల మీద వాలారు. శంఖాలు మోగాయి.

అసలు జయధ్వజుడు లేచి వాడి మీదికి దూకబోయాడు. వింటినారులు బిగిసిన చప్పుడు వెనుకనుంచి వినిపించింది. మాచమ్మ అతని నడుముకున్న నారతాడు పట్టుకుని ఆపింది. మీరు పడితే మీ కాళ్లకున్న పిల్ల కూడా పడుతుందని చెవిలో చెప్పింది. ఎత్తిన పాదాన్ని అతను తుహినావతి నేలమీదే దించాడు. ఆ ఒక్క పాదం దించడానికి అతనికి పాముతో పోరాడినదానికంటే ఎక్కువ బలం కావలసి వచ్చింది.

ఆ దొంగ యువరాజు చెయ్యెత్తి సింగరౌతును పలకరించాడు. గొంతు కూడా జయధ్వజుడిదే. "కావలిదొరా, నా చెల్లెలి నీడ దొంగిలించిన ధూమ్రజటుడు వాడే. వాడి కాళ్ల దగ్గర చూడు. వాణ్ణి పట్టుకున్నందుకు శోణగిరి మీ మేలు మరవదు," అన్నాడు.

సింగరౌతు చూశాడు. గొంగళ్లవాడి పాదాల నుంచి గోడ మీదికి ఒక ఆడపిల్ల నీడ పాకి ఉంది. బూడిదలో జరిగినది అతనికి కనిపించలేదు. అతను చెడ్డవాడు కాడు, కట్టుబాటు మనిషి. గోడ దగ్గర ఏం అడగాలో అదే అడిగాడు.

"మాచమ్మా, నీడ ఈ మనిషిదేనా?"

మాచమ్మ ఇటు చూసింది, అటు చూసింది. ఇతనే యువరాజని, ఆ పోతున్నవాడు దొంగని, ఆమె నోటినిండా మాటలున్నాయి. అవన్నీ రెండో మాటలు. ఔనంటే ఇతను బతుకుతాడు. కాని ఆ అబద్ధంతో గోడ మీద రెండు రాజ్యాల నమ్మకమూ పోతుంది. రేపటినుంచి ఇటు ఉప్పు అటు పోదు, అటు మూలికలు ఇటు రావు. ఆమె కళ్లనిండా నీళ్లు తిరిగాయి. జయధ్వజుడు ఆమె ఇబ్బంది చూశాడు. చెప్పమన్నట్టు తల ఊపాడు.

"కాదు," అంది మాచమ్మ.

భటులు మీద పడ్డారు. తాను శోణగిరి యువరాజునని, తనను వాళ్ల రాజు దగ్గరకు తీసుకుపొమ్మని, బంధించయినా సరే, గుర్రం మీద తొందరగా తీసుకుపొమ్మని జయధ్వజుడు చెబుతూనే ఉన్నాడు. యువరాజు అదుగో పోతున్నాడు కదా అని సింగరౌతు బాట కిందికి చూపించాడు. అక్కడ పల్లకీ వచ్చింది. అందులో తన ముఖంతో, తన నీడతో, తన తండ్రి ఇంటికి, నీడలేకుండా పడుకున్న చెల్లెలి మంచం దగ్గరకు వాడు బయలుదేరుతున్నాడు.

మణికట్లకు ఇనుప సంకెళ్లు బిగించారు. జయధ్వజుడు గోడకేసి చూశాడు. గోడ మీద కుముదిని చేతులకు కూడా సంకెళ్లు పడ్డాయి.